నిజాం ఇలాకాలో రాణి రూపాయిలు

పాత బ్రిటిష్ నాణేలు పోగు చేస్తానని తెలిస్తే ఎవరైనా మొదట అడిగేది "అమ్మితే ఎంత వస్తది?" అనే. నాకు మాత్రం ఏ రూపాయి చేతికొచ్చినా ముందు తోచే ప్రశ్న వేరు, అసలు ఇది మన దిక్కు ఎట్లా వచ్చింది? ఎందుకంటే నల్లగొండ, పాలమూరు 1948 దాకా నిజాం ఇలాకా. ఇక్కడ నడిచింది చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, అది మనకు పరాయి సర్కారు డబ్బు. అయినా దేవరకొండ, అచ్చంపేట, గద్వాల దిక్కు పాత ఇండ్లలో పెట్టె తెరిస్తే విక్టోరియా రాణి బొమ్మ రూపాయిలు బయటపడుతూనే ఉంటాయి.

సగం జవాబు వెండిలోనే ఉంది. కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాతకాలపు తులం. అందులో వెండి 91.7 శాతం. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతమే. లెక్కేసి చూడండి, ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయిలు అనే మారకం ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. కృష్ణ దాటితే మాచర్ల, తుంగభద్ర దాటితే కర్నూలు, రెండూ బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీ. బొంబాయికి, షోలాపూర్‌కు పనికిపోయినవాళ్ళు ఉండనే ఉన్నారు. అట్లా వచ్చిన రూపాయిలో వెండి ఎక్కువని తెలిసినవాళ్ళు దాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్నారని, ఆడవాళ్ళు దండలు గుచ్చుకున్నారని నా నమ్మకం.

ఆ దండల వల్లే నాకు తేదీ పట్టి చదవడం అలవాటైంది. దేవరకొండ దగ్గరి ఒక తండాలో పెద్దామె మెడలోని దండ చూపించింది. ఒక్కో రూపాయికీ పైన వెండితో అతికిన కొంకి, దాని చుట్టూ నల్లటి టంకం మరక. రాణి చెంప, జడ అరిగి నున్నగా అయిపోయాయి గానీ వెనుక 1862 అంకె మాత్రం గట్టిగా ఉంది. 1862 అని కనిపించగానే అది ఆ ఏడాదిదే అనుకోవద్దు. 1874లో ఏటా కొత్త తేదీ వేయడం మొదలయ్యేదాకా అదే తేదీతో అచ్చు కొడుతూ పోయారు, బొంబాయి టంకశాలైతే ఏ ఏడాదిదో తెలియడానికి చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. భూతద్దం లేకుండా ఆ చుక్కలు లెక్కపెట్టడం కష్టం. 1876 దాకా రాణి పేరు పక్కన "క్వీన్" అని ఉంటుంది, 1877 నుంచి "ఎంప్రెస్". "అవ్వా, ఇది అమ్ముతావా?" అని అడిగితే "మా అత్త ఇచ్చింది బిడ్డా, ఎట్లమ్ముత" అంది. అట్లాంటివి అడగకుండా చూసి రావడమే మంచిదని నా అభిప్రాయం. కొంకి అతికిన నాణేనికి నాణేలు పోగుచేసేవాళ్ళ దగ్గర ధర తగ్గుతుంది. నాకైతే టంకం మరక ఉన్నదే ఇష్టం, అది ఎవరి మెడలోనో బతికింది.

1911 ఐదో జార్జి రూపాయి సంగతి వేరే. రాజు అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంటుంది, దాని తొండం పొట్టిగా ఉండి జనానికి పందిలా కనిపించింది. పెద్ద గొడవే అయింది. చాలా మట్టుకు వెనక్కి తీసుకుని కరిగించి, 1912లో ఏనుగును సరిచేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తొండంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రాగి నాణేలంటే నాకు ఇంకా మోజు. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్టిండియా కంపెనీ 1803లో, 1808లో వేయించిన పది కాసుల నాణేలు బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ పెట్టిన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద తయారయ్యాయి. ఒకవైపు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, ఇంకోవైపు ఫారసీ రాత. 1808వి మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకముందే గుడ్విన్ ఇసుక తిప్పల్లో మునిగిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత డైవర్లు వాటిని పైకి తీశారు. మన పక్కనే మద్రాసు దిక్కు ఖర్చు కావలసిన పైసలు అట్లా సముద్రం అడుగునే పడి ఉన్నాయన్నమాట.

అంతకు కొన్నేళ్ళ ముందు బ్రిటన్‌లోనే చిల్లరకు కటకట. సర్కారు రాగి నాణేలు సరిగ్గా వేయక, 1787లో ఆంగ్లెసీ దీవిలోని పారిస్ (Parys) అనే రాగి గని కంపెనీ తనే పెన్నీ టోకెన్లు వేసుకుంది. మీద డ్రూయిడ్ పూజారి తల, చుట్టూ ఓక్ ఆకులు, వెనుక "తెచ్చినవారికి ఒక పెన్నీ చెల్లిస్తాం" అనే మాట, అంచు మీద లండన్, లివర్‌పూల్, ఆంగ్లెసీ పేర్లు. ఈరోజు మన నోటు మీద రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రాసే హామీ కూడా దాదాపు ఇదే కదా! గని కంపెనీ మాట మీద నమ్మకంతో జనం రొట్టె కొనుక్కున్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. రాముడు, సీత, హనుమంతుడు బొమ్మలతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని రాసి ఉన్న రాగి బిళ్ళలు కంపెనీ వేసినవి కావు. కంపెనీ అట్లాంటి నాణెం ఏనాడూ వేయలేదు. వాటికి లక్షలు వస్తాయని చెప్పేవాళ్ళు ముందు ఫీజు, టాక్స్ అంటూ మీ దగ్గరే డబ్బు లాగుతారు. తన పేరు వాడుకుని పాత నాణేలు కొంటామని చేసే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. మా బంధువుల్లోనే ఒకాయన "రాముడు బిళ్ళ ఉంది, కోటి ఇస్తరట" అని ఫోన్ చేస్తే వద్దని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది.

దున్నుతుంటే కుండ దొరికిందని ఎవరైనా తెస్తే నేను కొనను. భూమిలో అట్లా నిధి దొరికితే చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్‌కు చెప్పాల్సిందే. ఇంకొకటి, దీపావళి లక్ష్మీపూజకు ముందు వెండి రూపాయిలను చింతపండుతో తోమే అలవాటు మన ఇండ్లలో ఉంది. తోమితే తళతళలాడతాయి గానీ వందేళ్ళ నలుపు పోయి, దాంతోపాటు బొమ్మలోని సన్నటి గీతలూ అరిగిపోతాయి. పూజకు ఒకటి రెండు విడిగా పెట్టుకుని మిగతావి అట్లాగే ఉంచండి.

ఇప్పుడు నేను వెతుకుతున్నది 1840 రూపాయి. ఆ తేదీతోనే రెండు రకాలు ఉన్నాయి, ఒకదాంట్లో "విక్టోరియా క్వీన్" రాణి తల మీదుగా ఆగకుండా సాగుతుంది, రెండోదాంట్లో తలకు చెరోవైపు విడిపోతుంది. విడిపోయినది నా దగ్గర ఉంది. సాగినది గద్వాలలో ఒక అవుసలాయన దగ్గర ఉందని విన్నా, ఆయన దాన్ని ఇన్నాళ్ళూ తులం రాయిగా తక్కెట్లో వాడుకుంటున్నాడట. వచ్చే సంతకు పోయి చూడాలి, కరిగించకుండా ఉంటే చాలు.