చీమకుర్తి రాయి, ఇండోర్ వెలుగు

సంచిలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పొడి, గుండెల్లో టెన్షన్. ఒంగోలులో రైలెక్కిన దగ్గర్నుంచి ఇదే పరిస్థితి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ అనే యంత్రం మీద శిక్షణకు వెళ్ళాను. అందులో దాదాపు 172 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు ఇంచుమించు కాంతి వేగంతో తిరుగుతాయి. మలుపుల దగ్గర ఎక్స్-కిరణాలు చిమ్ముతాయి. మన నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ అనే ఖనిజంలో ఇనుము ఏ స్థితిలో ఉందో వాటితో తెలుసుకోవచ్చు.

మొదటి రోజు రాతిపొడి నొక్కి చేసిన బిళ్ళ మందమైపోయి సిగ్నల్ రాలేదు. పక్కనున్న మేడమ్ విసుక్కోలేదు. పొడి ఎంత మెత్తగా నూరాలో, ఎంత పలచగా నొక్కాలో నా చేతే చేయించారు. తెల్లవారుజామున మూడింటికి తెర మీద ఇనుము గీత నిటారుగా లేచింది. కళ్ళు చెమర్చాయి. ఇది పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు.

జోర్డాన్‌లో సెసమీ సింక్రోట్రాన్ 2017లో ప్రారంభమైంది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ ప్రాంతపు శాస్త్రవేత్తలను బయటి ప్రయోగశాలలకు పంపి పని నేర్పించారు. ముందు మనుషులు, తర్వాత యంత్రం. నాకు ఆ వరుసే సరైనదనిపిస్తుంది. ఆఫ్రికాలో ఇంకా ఒక్క సింక్రోట్రాన్ కూడా లేదు, అక్కడి పిల్లలు ఎంత దూరం వెళ్ళాలో!

సోమవారం నుంచి మా ఎమ్మెస్సీ పిల్లలతో బిళ్ళలు నొక్కిస్తాను. ఈసారి బీమ్ టైమ్, అంటే ఆ యంత్రం మీద ప్రయోగానికి ఇచ్చే సమయం, దాని దరఖాస్తు వాళ్ళే రాస్తారు.