చుక్కాని బరువెక్కినప్పుడు

ఈ ఉదయం హుస్సేన్‌సాగర్‌లో లేజర్ పడవ నడిపాను. 4.23 మీటర్ల పొడవు, ఒకటే తెరచాప, ఒక్కరే మనిషి. గాలి పెరగగానే పడవ బాగా ఒరిగి, ముక్కు గాలివైపుకే తిరగసాగింది. ఆపడానికి చుక్కాని పిడిని నావైపు లాగీ లాగీ భుజం పట్టేసింది. టెన్షన్‌లో తెరచాప తాడు ఇంకా బిగించాను. దాంతో ఇంకా ఒరిగింది.

"తాడు వదులమ్మా, బయటికి వాలు!" అని కోచ్ గారు కేకేశారు.

జానెడు వదిలి, అంచు మీద కూర్చుని వెనక్కి వాలాను. పడవ తిన్నగా లేచింది. అప్పటిదాకా మొండికేసిన పిడి రెండు వేళ్లకే లొంగింది. వేగమూ పెరిగింది! ఒరిగిన పడవని తెరచాపే గాలివైపు తిప్పేస్తుందట. అడ్డంగా పట్టిన చుక్కాని నీళ్లలో బ్రేకులా పనిచేస్తుందట. ఆ తేలిక ఇంకా చేతిలోనే ఉంది. రేపు గాలి ఉంటే మళ్లీ వెళ్తాను.