ఆ ఎనిమిది సెకన్లు ఎటు పోయాయో

నాది 800 మీటర్ల పరుగు. 2022 డిసెంబర్‌లో 2 నిమిషాల 13 సెకన్లలో పరిగెత్తినదాన్ని, మరుసటి ఏడు జూలైకల్లా 2:21కి పడిపోయాను. మా ఈవెంట్‌లో ఎనిమిది సెకన్లంటే దాదాపు యాభై మీటర్లు వెనక ఉన్నట్టు. బద్ధకం అనుకున్నాను, మా కోచ్ సార్ కూడా అదే అనుకున్నారు. ఇంకేముంది, పొద్దుటి ప్రాక్టీస్ చాలదని సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఇంకో ఐదు కిలోమీటర్లు కొట్టడం మొదలుపెట్టాను.

అప్పుడే డిగ్రీ ఆఖరి సెమిస్టర్. ఇంట్లో నాన్న చేసిన అప్పుంది, నాకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే తీరుతుందని అందరి ఆశ, పైకి మాత్రం ఎవరూ అనరు. అమ్మ ఫోన్‌లో "బాగా పరిగెడుతున్నావా అమ్మా" అందంటే చాలు, ఆ రాత్రి నిద్ర లేనట్టే. రెండింటికి మెలకువ వచ్చి ఫ్యాన్ కేసి చూస్తూ మనసులోనే రేసు పరిగెత్తేదాన్ని, ప్రతిసారీ చివరి 150 మీటర్లలో ఓడిపోయేదాన్ని. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో అంటే అన్నం సగం చేశాను. నాలుగు నెలలు పీరియడ్స్ రాలేదు. నిజం చెప్పొద్దూ, పీడా పోయిందనుకున్నాను! హాస్టల్లో సీనియర్ అక్క కూడా "గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకి అంతేనే" అంది. ఆ మాట ఎంత తప్పో తర్వాత తెలిసింది.

ఆగస్టులో కుడికాలి ముందు ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే ప్రాణం పోయేది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నారు, నొప్పి బిళ్లలు ఇచ్చారు, అవి మింగి ఇంకో రెండు వారాలు పరిగెత్తాను. వేరే డాక్టర్ మేడమ్ ఎమ్మారై తీయిస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని బయటపడింది. సన్నటి చీలిక, మొదట్లో చాలామందికి ఎక్స్‌రేలో కనపడదట. హిమోగ్లోబిన్ 9.6, అంటే రక్తం తక్కువ. ఆవిడ కాలు గురించి రెండు నిమిషాలు మాట్లాడి, మిగతా అరగంటా తిండి, నిద్ర, నెలసరి, ఇంటి సంగతులే అడిగారు. చేసే పనికి సరిపడా తినకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుందట, ఈస్ట్రోజన్ తగ్గి ఎముక గుల్లబారుతుందట. దీన్నే రెడ్-ఎస్ అంటారట. "దిగులు, నిద్రలేమి కూడా అందులోనే కలుస్తాయి. ఇది ప్రాక్టీస్ భారం, ఇది ఇంటి భారం అని ఒంటికి తెలీదమ్మా" అన్నారు. నాది బద్ధకం కాదని ఒకరు చెప్పినందుకు అక్కడే ఏడ్చేశాను.

ఎనిమిది వారాలు పరుగు బంద్. అక్టోబర్ 1న ఇంట్లో మంచం మీద కూర్చుని హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ చూశాను. తుపాకీ మోగకముందే కదిలిందని (ఫాల్స్ స్టార్ట్) మన విశాఖ జ్యోతి యర్రాజిని బయటికి పొమ్మన్నారు, వాదించి నిలబడింది, అంత గొడవ తర్వాత 12.91లో హర్డిల్స్ దాటి చివరికి వెండి పతకం తెచ్చుకుంది. నేనైతే ఆ గొడవకే కుప్పకూలేదాన్ని.

సైకాలజిస్ట్‌తో వారానికోసారి ఫోన్. నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలమంటే, ఊపిరి తీయడానికి కూడా ఫీజా అని నాన్న నవ్వారు. నాకు మాత్రం నిద్ర కుదిరింది. ఆవిడే పట్టుబట్టి నాన్నతో అప్పు సంగతి మాట్లాడించారు. "చేసింది నేనే కదే, నీకెందుకు?" అన్నారాయన. ఇంత చిన్న మాట కోసం ఏడాది పట్టింది.

ఇప్పుడు లేవగానే మంచం మీదే పల్స్ చూసి నోట్‌బుక్‌లో రాస్తాను. నాకు మామూలుగా 54. వరసగా రెండ్రోజులు అరవై దాటి, నిద్ర కూడా సరిగ్గా లేకపోతే ఆ రోజు స్పీడ్ వర్క్ ఉండదు. సార్ మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు ఆయనే "నంబర్ ఎంత?" అంటారు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో, టీకి దూరంగా. ఫిబ్రవరిలో పీరియడ్స్ వచ్చాయి. మొన్నటి మీట్‌లో 2:15, పాత టైమింగ్ ఇంకా రాలేదు, రేసుకి ముందు మమ్మల్ని కూర్చోబెట్టే కాల్ రూమ్‌లో చేతులు ఇప్పటికీ వణుకుతాయి.

అమ్మ మాత్రం పరుగు సంగతి ఎత్తడం మానేసింది. ఏం తిన్నావు, ఎంత తిన్నావు, గుడ్డు తిన్నావా అని పావుగంట. ఇదో కొత్త టెన్షన్.