ధర రెట్టింపైన కామిక్ పుస్తకం: చేతికి వచ్చేదెంత?

అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక 1962లో 12 సెంట్లు. స్పైడర్‌మ్యాన్ మొదట కనిపించింది అందులోనే. 2021 సెప్టెంబరులో 9.6 గ్రేడు (పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే, పదికి వేసే మార్కు) కాపీ ఒకటి అమెరికాలో హెరిటేజ్ వేలంలో 36 లక్షల డాలర్లు పలికింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, షేర్ల కంటే కామిక్స్ నయం అని తేల్చేసేవాళ్లు చాలామంది.

లెక్క 12 సెంట్ల దగ్గర మొదలుపెడితే తప్పు దారి పడుతుంది. 1962లో కొన్న పిల్లలు దాన్ని చదివారు, మడిచి జేబులో పెట్టుకున్నారు, చివరికి పాత కాగితాల్లో వేశారు. నలగకుండా ఏ కాపీ మిగులుతుందో అప్పట్లో ఎవరికి తెలుసు? పెట్టుబడిగా కొన్నవాళ్ల లెక్క కావాలంటే అదే గ్రేడు కాపీ అంతకుముందు ఎంతకు పోయిందో చూడాలి. 2011లో 9.6 కాపీ ఒకటి 11 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అంటే పదిన్నరేళ్లలో మూడు రెట్లకు కాస్త పైన. ఆ 36 లక్షల్లో కొన్నవాళ్లు వేలం సంస్థకు కట్టే 20 శాతం ప్రీమియం కలిసే ఉంది. సుత్తి పడిన ధర, అంటే పాట ఆగిన ధర, 30 లక్షలే. అమ్మినవాళ్ల వైపు నుంచి చూస్తే ఏడాదికి సుమారు 10 శాతం. అదే కాలంలో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 1300 చిల్లర నుంచి 4500 దగ్గరికి వచ్చింది, డివిడెండ్లు దాని మీద అదనం. స్పైడర్‌మ్యాన్ తొలి సంచిక, ఉన్నవాటిలో అత్యుత్తమ గ్రేడు, మార్కెట్ ఉధృతంగా ఉన్న ఏడాది. ఇన్ని కలిసొచ్చినా అలాంటి సూచీలోని షేర్లన్నీ కొనే మామూలు ఇండెక్స్ ఫండును దాటలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాచకూడదు. సూపర్‌మ్యాన్ తొలిసారి వచ్చిన యాక్షన్ కామిక్స్ 1వ సంచికను (1938, ధర 10 సెంట్లు) నటుడు నికొలస్ కేజ్ 1997లో లక్షన్నర డాలర్లకు కొన్నాడు. 2011లో అది 21 లక్షల 60 వేలకు అమ్ముడైంది, అంటే పద్నాలుగు రెట్లు. ఆ కాలంలో సూచీ, డివిడెండ్లు వదిలేస్తే, రెట్టింపు కూడా కాలేదు. మధ్యలో 2000లో ఆ పుస్తకం అతని ఇంట్లోంచి దొంగతనానికి పోయి, పదకొండేళ్ల తర్వాత ఒక స్టోరేజ్ గదిలో దొరికింది. కాబట్టి ఏ ఏడాది నుంచి ఏ ఏడాదికి కొలిచారో చెప్పకుండా ఎవరైనా శాతం చెబితే పట్టించుకోవద్దు.

ఇప్పుడు మనలాంటివాళ్లు నిజంగా కొనగలిగే 5,000 డాలర్ల పుస్తకం తీసుకుందాం. డాలస్‌లో ఉంటే కొనేటప్పుడే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్, కాబట్టి అసలు ఖర్చు 5,412. పదేళ్లలో ధర రెట్టింపై 10,000 అయిందనుకుందాం, అంటే ఏడాదికి 7 శాతం పెరుగుదల. ఆన్‌లైన్‌లో అమ్మితే ఫీజు 13 శాతం అనుకుంటే 1,300. ప్యాకింగు, బీమాతో పార్సిలు ఇంకో 100. చేతికి 8,600. అమెరికాలో ఇలాంటి సేకరణ వస్తువుల దీర్ఘకాలిక లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉంటుంది. మీ ఆదాయపు పన్ను స్లాబు 24 శాతమైతే 24. లాభం 3,188 మీద అది 765. ఏడాదికి 30 డాలర్ల బీమా వేసుకున్నా పదేళ్లకు 300. మిగిలేది 7,535. పెట్టిన 5,412 మీద ఏడాదికి 3.4 శాతం.

అదే 5,412 ఇండెక్స్ ఫండులో అదే 7 శాతంతో పెరిగితే 10,646. లాభం మీద 15 శాతం పన్ను పోగా 9,861 చేతికొస్తుంది, అంటే ఏడాదికి 6.2 శాతం. ఆ ఫండుతో సమానంగా నిలవాలంటే పుస్తకం ధర ఏడాదికి పదిన్నర శాతం చొప్పున పెరగాలి. ఏ పుస్తకం కొనే ముందైనా ఇది కాగితం మీద వేసుకోండి. మూడున్నర శాతం తేడా పూడ్చేంత బలం ఆ పుస్తకానికి ఉందా అన్నదే ప్రశ్న. కంపెనీ ఏటా లాభం సంపాదిస్తుంది, అందులో కొంత పంచుతుంది. పుస్తకం ఏమీ సంపాదించదు, రేపు కొనేవాడు ఇచ్చేదే దాని రాబడి.

నగదు విషయానికొస్తే, షేరు అమ్మితే మర్నాటికి సెటిల్ అవుతుంది. పుస్తకాన్ని పెద్ద వేలానికి పంపితే వారాల ముందే అప్పగించాలి, వేలం అయ్యాక నెలన్నరకు డబ్బు వస్తుంది. మూడు నాలుగు నెలలు పక్కన పెట్టుకోవాలి. పిల్లల ఫీజుల డబ్బు ఇందులో పెట్టవద్దని గట్టిగా చెప్పేది అందుకే.

ఇంత తెలిసీ కొనాలనుకుంటే, అసలు చదువంతా గ్రేడులో ఉంది. సీజీసీ అనే సంస్థ 2000 నుంచి పుస్తకాన్ని పరిశీలించి, 0.5 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ కేసులో మూసి ఇస్తోంది. దాన్నే స్లాబ్ అంటారు. లేబుల్ రంగు ముందు చూడాలి. నీలం మామూలుది. ఊదా రంగు అంటే పుస్తకానికి మరమ్మతు జరిగిందని, ధర బాగా పడిపోతుంది. ఆకుపచ్చ అంటే చెప్పుకోదగ్గ లోపం ఒకటి ఉందని. పసుపు అంటే సంస్థ మనిషి కళ్లముందే సంతకం చేయించినదని. అక్కడే కాగితం తెలుపా, మీగడ రంగా, పెళుసా అన్నదీ రాసి ఉంటుంది. సర్టిఫికెట్ నంబరును సంస్థ సైటులో కొట్టి చూడండి. కేసు అంచుల్లో తెల్లగా పగిలినట్టు, జిగురు వేసినట్టు ఉంటే వదిలేయండి. కేసు తెరిచి లోపల తక్కువ కాపీ పెట్టి అమ్మిన మోసాలు బయటపడ్డాయి.

స్లాబ్ లేని కాపీ కొనేటప్పుడు దీపం కింద ఏటవాలుగా పట్టుకుని వెన్ను చూడాలి. పిన్నుల దగ్గర సన్నటి అడ్డగీతలు ఉంటాయి. గీత పడినా రంగు చెదరకపోతే వేడి, బరువు పెట్టి సాఫు చేసే ప్రెస్సింగుతో పోవచ్చు. రంగు లేచి తెల్ల కాగితం కనిపిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 9.8కీ 9.4కీ మధ్య ఇలాంటి గీతలు రెండు మూడే, ధర మాత్రం సగానికి సగం తేడా రావచ్చు. తర్వాత అట్ట లోపలివైపు తిప్పండి. ఎవరైనా మార్కరుతో రంగు దిద్ది ఉంటే సిరా లోపలికి ఇంకి మరకలా కనిపిస్తుంది, అతినీలలోహిత దీపం (బ్లాక్ లైట్) కింద ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చుట్టూ కాగితం పసుపెక్కి, అంచు ఒక్కటే కొత్తగా, కత్తిలా తిన్నగా ఉంటే కోసినట్టే. పిన్నుల తుప్పు కాగితంలోకి పాకిందో లేదో చూడండి. పిన్ను కొత్తదై, రంధ్రం వెడల్పుగా ఉంటే ఎవరో మార్చారని అర్థం.

ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచిక (1974) గురించి విడిగా చెప్పాలి. వుల్వరీన్ పూర్తిగా కనిపించిన మొదటి సంచిక అది, దొరకనిదేమీ కాదు, అందుకే కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెడతారు. ఆ రోజుల్లో మార్వెల్ ఉత్తరాల పేజీలో చిన్న స్టాంపు బొమ్మ వేసి, కత్తిరించి ఆల్బంలో అంటించుకోమని పిల్లలకు చెప్పేది. పిల్లలు చక్కగా కత్తిరించారు. అట్ట తళతళలాడుతున్నా ఉత్తరాల పేజీలో చిన్న చదరపు రంధ్రం ఉంటే అది అసంపూర్ణ కాపీ, ధరలో చాలా భాగం పోయినట్టే. ఫొటో అడిగినప్పుడు అట్ట ఫొటోతో పాటు ఆ పేజీ ఫొటో కూడా తప్పకుండా అడగండి. పంపడానికి అమ్మేవాడు నసిగితే ఆ బేరం అక్కడితో ఆపేయాలి.

అరుదు అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. యాక్షన్ కామిక్స్ 1 అరుదైంది, ఎందుకంటే దాన్ని ఎవరూ దాచుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితాల సేకరణకు పాత కామిక్స్ గుట్టలుగా పోయాయి, ఇప్పుడు ఆ సంచికవి సుమారు వంద కాపీలు మిగిలాయని అంచనా. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ 1వ సంచిక అలా కాదు. 80 లక్షలకు పైగా అచ్చయింది, కొన్నవాళ్లంతా విలువ పెరుగుతుందని కవర్లలో భద్రపరిచారు. అందరూ దాచినదానికి ధర ఎక్కడి నుంచి వస్తుంది? ముప్పై ఏళ్లు దాటినా అది కొద్ది డాలర్లకే దొరుకుతోంది. విలువ పెరుగుతుందని కొనే ఆ ఊపు 1993 తర్వాత కూలిపోయి కామిక్ దుకాణాలు పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా పిటిషన్ వేసింది. ఇప్పుడు వారానికో వేరియంట్ అట్టతో (లోపల అదే కథ, పైన వేరే బొమ్మ) వస్తున్న కొత్త సంచికలను పెట్టుబడి అని కొనడం నా దృష్టిలో అదే పొరపాటు. 2020, 2021లో ఎగబాకిన 9.8 గ్రేడు కాపీల్లో చాలావాటి ధరలు తర్వాతి రెండేళ్లలో బాగా దిగాయి. సినిమా ప్రకటన రాగానే పెరిగి, విడుదల నాటికి చల్లబడే సంచికలకైతే లెక్కే లేదు.

నేను కొనమని చెప్పేది 1975కు ముందువి, ముఖ్యమైన పాత్ర తొలిసారి వచ్చినవి, 4 నుంచి 7 గ్రేడు మధ్యవి, నీలం లేబులువి. పైన ఉండే 9.8లకు ఒక చిక్కుంది. గ్రేడు అయిన కాపీల పట్టికలో సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, ఇంకో పది బయటికొస్తే మీది పది కాపీల మేర మామూలైపోతుంది. మొత్తం ఆస్తిలో ఐదు శాతం దాటనివ్వకండి. హైదరాబాదులో కూర్చుని కొంటే పార్సిలు, బీమా, కస్టమ్స్ ఖర్చులు కలుస్తాయి, అమ్మాలన్నా మళ్లీ అమెరికా మార్కెట్టుకే పంపాలి. అందుకే అక్కడున్నవాళ్లకు ఉన్న వీలు ఇక్కడివాళ్లకు లేదు.

దాచడానికి 20 డిగ్రీల చుట్టూ వేడి, గాలిలో 40 నుంచి 50 శాతం తేమ చాలు. విశాఖ, కాకినాడ ఇళ్లలో ఆ తేమ ఏసీ లేకుండా సాధ్యం కాదు, పిన్నులు తుప్పెక్కవచ్చు. మైలార్ (పారదర్శక పాలియెస్టర్) కవరు, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి, నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అవి కొన్నేళ్లకు జిగటగా మారి అట్ట రంగును పట్టుకుంటాయి.

మన ఇళ్లలో పాత చందమామలు ఉన్నవాళ్లకు ఒక మాట. ఏడాది సంచికలన్నీ కలిపి బైండింగు చేయించినప్పుడు బైండరు మూడు వైపులా అంచులు కోసేస్తాడు, కొందరు అట్టలు కూడా పీకేసేవారు. సేకర్తల లెక్కలో అది కోసిన కాపీ. పైగా వాటికి ఒప్పుకున్న గ్రేడింగు గానీ, నిలకడైన వేలం ధరల చరిత్ర గానీ లేదు కాబట్టి నెట్‌లో ఎవరో అడిగిన ధరను విలువ అనుకోవద్దు. బైండు కాకుండా విడిగా ఉన్న సంచికలుంటే వాటిని ఇక బైండరు దగ్గరికి పంపకండి. పిన్ను తుప్పు పట్టి ఉంటే లాగకండి, కాగితం దానితో పాటే చిరుగుతుంది.