ఫ్లాషర్ బాగానే ఉంది, మీకే చూడటం రాదన్నారు

నిన్న సాయంత్రం నా ఫ్లాషర్‌కి కొత్త ట్రాన్స్‌డ్యూసర్ తగిలించి, మంచులో తొలిచిన కన్నంలోకి దించాను. డయల్ మీద 28 అడుగుల దగ్గర సరస్సు అడుగు ఎర్రగా, సన్నగా వెలిగి కదలకుండా నిలబడింది. ఆ ఎర్రగీత కోసం ఏడు వారాలు తిరిగాను. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇవాళే కూర్చుని రాస్తున్నాను. మీలో ఎవరైనా మంచు మీద చేపలు పట్టడానికి మొదటిసారి ఫ్లాషర్ కొనాలనుకుంటుంటే, కొనేముందు ఇది చదవండి.

ఫ్లాషర్ అంటే గడ్డకట్టిన సరస్సులో కన్నం తొలిచి గాలం వేసినప్పుడు కింద ఏముందో చూపించే సోనార్. కేబుల్ కొసన నీళ్లలోకి దించే ట్రాన్స్‌డ్యూసర్ కిందకి శబ్దాన్ని కొడుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని గుండ్రటి డయల్ మీద రంగు గీతగా వెలుగుతుంది. పైన సున్నా, అక్కణ్ణుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకి లోతు పెరుగుతూ పోతుంది. చాలా యంత్రాల్లో ప్రతిధ్వని బలహీనంగా ఉంటే పచ్చ, గట్టిగా ఉంటే ఎరుపు. అంత చల్లటి మంచినీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1400 మీటర్లు పోతుంది. అంటే 30 అడుగుల లోతుకి వెళ్లి రావడానికి 13 మిల్లీసెకన్లు చాలు. అందుకే ఇక్కడ చెయ్యి కదిపితే అక్కడ జిగ్ (గాలానికి కట్టి ఆడించే ఎర) గీత అప్పుడే కదులుతుంది. చేప ఎర దాకా వచ్చి ఆగిపోతే, ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఒకసారి దీంతో పట్టినవాళ్లు మళ్లీ గుడ్డిగా గాలం వేయలేరు.

ఏది కొనాలో తేల్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. గట్టి చలిలో ఎల్‌సీడీ తెరలు మందగిస్తాయి కాబట్టి తిరిగే డయల్ ఉన్నదే కావాలనుకున్నాను. లోపల మోటార్ అరుగుతుందని కొందరు భయపెట్టారు, పట్టించుకోలేదు. కోన్ దగ్గర, అంటే శబ్దం కిందకి ఎంత వెడల్పుగా విచ్చుకోవాలన్న దగ్గర మాత్రం రెండు రోజులు లెక్కలు వేశాను. 20 డిగ్రీల కోన్ అయితే 30 అడుగుల లోతులో పదిన్నర అడుగుల వెడల్పు చూస్తుంది, 9 డిగ్రీలదైతే అయిదడుగులు కూడా చూడదు. ఎక్కువ చూస్తే మంచిదేగా అనిపిస్తుంది. కానీ అడుగు ఏటవాలుగా ఉన్నచోట వెడల్పు కోన్ కింద అడుగు గీత లావెక్కిపోతుంది. నేలని అంటిపెట్టుకుని తిరిగే వాలై లాంటి చేప ఆ లావు గీతలోనే కలిసిపోయి అసలు కనబడదు. మేం పట్టేది ఎక్కువగా అలాంటి వాలుల దగ్గరే. అందుకని ఇరుకు కోన్ తీసుకున్నాను.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది. సీసం బ్యాటరీ కంటే బాగా తేలిక, చలిలో బలం కూడా తక్కువే పోగొట్టుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: దాన్ని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉండగా చార్జింగ్ పెట్టకూడదు, పాడైపోతుంది. ఇంటికి తెచ్చి, వెచ్చబడ్డాకే పెట్టాలి.

కొన్నాను. మొదటి రోజు మైనస్ 18 డిగ్రీలు. మంచు మందం కొలుచుకున్నాం, నడవడానికి కావలసిన 4 అంగుళాలకి రెండింతలుంది. కన్నం తొలిచి, ట్రాన్స్‌డ్యూసర్ దించి, స్విచ్ వేశాను. అడుగు కనిపించింది. పది నిమిషాలు అంతా సవ్యంగా ఉంది. ఆ తర్వాత అడుగు మాయమైంది. సున్నా దగ్గర పట్టీ వెలుగుతూనే ఉంది, మోటార్ తిరుగుతూనే ఉంది, కింద మాత్రం చీకటి. కాసేపటికి గీత వచ్చింది, మళ్లీ పోయింది. పక్క కన్నం దగ్గర మా బావ వరసగా పెర్చ్ చేపలు లాగుతున్నాడు.

"నాది కూడా అదే ఫ్రీక్వెన్సీ, ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయేమో," అని బావ తన ఫ్లాషర్ ఆపేశాడు. తేడా లేదు. అయినా అడ్డం పడితే అడుగు పోదు, డయల్ నిండా గీతలు పరిగెడతాయి. గెయిన్, అంటే ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపించాలో తిప్పుకునే మీట, పెంచాను, తగ్గించాను. బ్యాటరీ మార్చాను. సాయంత్రానికి చేతులు కొంకర్లు పోయాయి కానీ ఒక్క చేపా లేదు.

మర్నాడు కొన్న చోటికే తీసుకెళ్లాను. అక్కడ జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. కౌంటర్ దగ్గర నా వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. ఆ కుర్రాడు ఒక బకెట్‌లో నీళ్లు పట్టి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో ముంచి, స్విచ్ వేశాడు. డయల్ మీద గీతలు వెలిగాయి. "పని చేస్తోందిగా," అన్నాడు. చలిలోనే పోతోందని చెప్పాను. "గెయిన్ అంటే ఏంటో తెలుసా మీకు?" అని గట్టిగా, అందరికీ వినపడేలా అడిగాడు. తెలుసని చెప్పాను. జిగ్‌ని అడుగుకి కాస్త పైన ఆపి, గెయిన్‌ని పూర్తిగా తగ్గించి, జిగ్ సన్నటి పచ్చగీతగా కనబడేదాకా మెల్లగా పెంచుతానని కూడా చెప్పాను. అతను వినలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అచ్చేసిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది చదువుకోండి. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది. ఫ్లాషర్ బాగానే ఉంది, మీకే చూడటం రాదు," అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. చెవులు వేడెక్కిపోయాయి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చి, కారులో చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. వస్తువు అమ్మినవాడికి దాని గురించి కొన్నవాడి కంటే తెలియకపోతే అది తప్పు కాదు. కానీ కొన్నవాడు చెప్పేది రెండు నిమిషాలు వినకపోవడం తప్పు. నలుగురి ముందు చిన్నబుచ్చడం ఇంకా పెద్ద తప్పు. కొత్తవాడు కదా అని చులకనగా చూస్తే, వాడు మళ్లీ మంచు మీదకే రాడు.

ఆ బకెట్ పరీక్ష ఎందుకూ పనికిరాదని నాకు ఇంటికొచ్చాక తట్టింది. ఒక్క అడుగు లోతైనా లేని బకెట్ నీళ్లలో శబ్దం పైకీ కిందకీ పదిసార్లు కొట్టుకుంటుంది. సిగ్నల్ సగం చచ్చిపోయినా డయల్ మీద ఏదో ఒకటి వెలుగుతుంది. పైగా షాపులో వెచ్చగా ఉంది. చలిలో వచ్చే జబ్బుని వెచ్చటి గదిలో వెతికితే ఎలా దొరుకుతుంది?

సర్వీసుకి పంపమని పట్టుబట్టాను. మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది, "లోపమేమీ కనబడలేదు" అని చీటీ అంటించి. సీజన్‌లో మంచి మూడు వారాలు అలా పోయాయి.

ఇక ఎవరినీ అడగదలచుకోలేదు. అదృష్టం కొద్దీ బావ ఫ్లాషర్ కూడా నాదే మోడల్. మైనస్ 15 డిగ్రీల రోజు చూసుకుని ఇద్దరం వెళ్లాం. నా యంత్రానికి బావ ట్రాన్స్‌డ్యూసర్ తగిలించాం. గంటసేపు అడుగు చెక్కు చెదరలేదు. నా ట్రాన్స్‌డ్యూసర్ బావ యంత్రానికి తగిలించాం. పది నిమిషాల్లో అడుగు మాయం. దాంతో దోషం ట్రాన్స్‌డ్యూసర్‌లోనో దాని కేబుల్‌లోనో ఉందని తేలిపోయింది. కేబుల్‌ని జానెడు జానెడుగా వంచుకుంటూ వచ్చాను. ప్లగ్ మెడ దగ్గరికి వచ్చేసరికి, ఎడమకి వంచితే గీత వచ్చింది, వదిలేస్తే పోయింది. మళ్లీ వంచాను, వచ్చింది. బావ ఫోన్‌లో వీడియో తీశాడు. థర్మామీటర్, డయల్, నా వేళ్లు, మూడూ ఒకే ఫ్రేములో పడేలా తీయమని చెప్పాను. ఆ ఆలోచన నాదే, అందుకు గర్వపడుతున్నాను.

ఈసారి కౌంటర్ దగ్గర కుర్రాడితో మాట్లాడలేదు, మేనేజర్‌ని పిలవమన్నాను. ఆవిడ వీడియో రెండుసార్లు చూసి, మారు మాట్లాడకుండా కొత్త ట్రాన్స్‌డ్యూసర్ తెచ్చిచ్చింది. పాతది మీ దగ్గరే ఉంచుకోండి అంది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి పాత కేబుల్‌ని ప్లగ్ మెడ దగ్గర చాకుతో చీల్చాను. పైన అల్లికలా ఉండే తీగ నిక్షేపంగా ఉంది. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులన్నీ ఒకేచోట తెగిపోయి, కొసలు నల్లబడి ఉన్నాయి. వెచ్చగా ఉన్నప్పుడు ఆ కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవన్నమాట. చలికి పైతొడుగు బిగుసుకోగానే విడిపోయేవి.

కాబట్టి కొనేటప్పుడు రంగులు, జూమ్ చూసి మురిసిపోకండి. ట్రాన్స్‌డ్యూసర్ విడిగా దొరుకుతుందా, ప్లగ్ ఊడదీసి మార్చుకునేలా ఉందా అని ముందు అడగండి. మీతో వచ్చేవాళ్ల దగ్గర ఏ మోడల్ ఉందో అదే కొనండి, నన్ను కాపాడింది అదే. బకెట్‌లో చూపించి పంపేస్తే ఒప్పుకోకండి. కొన్న మొదటి వారంలోనే, గట్టి చలి ఉన్న రోజు చూసి, కేబుల్‌ని రెండు కొసల దగ్గరా మెల్లగా వంచి చూడండి. చుట్టేటప్పుడు బిగించి చుట్టకండి, పెద్ద పెద్ద చుట్లుగా వదులుగా చుట్టండి. బిగుసుకున్న కేబుల్‌ని లాగొద్దు.

నిన్న చీకటి పడేదాకా కూర్చున్నాం. అడుగు నుంచి ఒక సన్నటి గీత విడిపోయి మెల్లగా నా జిగ్ వైపు లేచింది. పచ్చ, ఆ తర్వాత నారింజ, ఆ తర్వాత ఎరుపు. రెండు గీతలూ కలిసిపోయిన క్షణానికి గాలం బరువెక్కింది. ఈ సీజన్‌లో నా మొదటి వాలై.

సామాను సర్దుకునేటప్పుడు బావ తన కేబుల్ మెడ కూడా ఒకసారి వంచి చూడమన్నాడు. వంచాను. గీత కదల్లేదు.