త్రోబాల్‌లో మూడు సెకన్లు

మా విజయనగరం జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో, సాయంత్రం ఆఖరి పీరియడ్‌కు ఆడపిల్లలు మైదానంలోకి వస్తే ఎక్కువగా అడిగేది త్రోబాలే. నెట్‌కు అటూ ఇటూ నిలిచిన రెండు జట్లు బంతిని పట్టి అవతలికి విసురుకునే ఆట ఇది; నెట్ ఒకటి, బంతి ఒకటి ఉంటే చాలు. ఆట రాని పిల్ల కూడా పది నిమిషాల్లో కలిసిపోతుంది. అంత సులువుగా అబ్బే ఆట కావడం వల్లనే కాబోలు, దీనికి పద్ధతిగా రాసిన నియమాలు ఉన్నాయన్న సంగతిని చాలామంది పెద్దలు పట్టించుకోరు. బంతి నెట్ దాటితే సరి, కింద పడకపోతే సరి అన్నట్లు ఆడిస్తారు. పిల్లలకు వ్యాయామ విద్య నేర్పే మనిషిగా నాకు ఇది ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఈ ఆట ప్రాణమంతా ఒక చిన్న నియమంలో ఉంది. పట్టిన బంతిని మూడు సెకన్లలోపు విసిరేయాలి.

వాలీబాల్‌తో పోల్చి చూస్తే ఈ నియమం ఎందుకు పెట్టారో తెలుస్తుంది. వాలీబాల్‌లో బంతిని చేతుల్లో నిలపడమే తప్పు. కొట్టాలి, లేపాలి, అంతే తప్ప పట్టుకోకూడదు. అందువల్ల అక్కడ ఆట వేగాన్ని బంతే చూసుకుంటుంది. త్రోబాల్‌లో పట్టుకోవడం తప్పనిసరి. బంతి ఒక్కసారి చేతికి చిక్కాక దానిని ఎంతసేపైనా ఉంచుకునే వీలుంటే, అవతలి జట్టు ఊరికే నిలబడి చూడవలసి వస్తుంది. లెక్కపెట్టకుండా ఆడించే చోట సరిగ్గా ఇదే జరుగుతుంది: బలమున్న పిల్ల బంతి పట్టుకుని, విసురుతున్నట్లు రెండు మూడు సార్లు చేయి ఊపి, అవతలి పిల్లలందరినీ అటూ ఇటూ పరుగెత్తించి, ఎవరూ లేని చోట తీరిగ్గా వేస్తుంది. మూడు సెకన్లు ఖచ్చితంగా అమలు చేసిన రోజున ఆ పిల్లకు ఆ వెసులుబాటు ఉండదు. బంతి చేతిలో పడకముందే ఖాళీ ఎక్కడుందో చూసి పెట్టుకున్న పిల్లకే, ఆమె ఎంత సన్నగా ఉన్నా, పైచేయి అవుతుంది. అప్పుడే కోర్టు గీత అవతలి నుంచి, "ఒలే, ఏటలా అట్టుకుని నిల్చున్నావు, ఇసిరీయే!" అన్న కేకలు మొదలవుతాయి. ఆ కేకలు వినిపిస్తున్నాయంటే ఆట సరిగ్గా నడుస్తున్నట్లే లెక్క.

పట్టే తీరుకూ విసిరే తీరుకూ ఉన్న కట్టుబాట్లు కూడా ఈ మూడు సెకన్లతో ముడిపడినవే. బంతిని రెండు చేతులతో ఒక్కసారిగా పట్టాలి. చేతుల్లో అది ఎగిరినా, జారి మళ్లీ చిక్కినా ఫౌల్. ఛాతీకి హత్తుకోవడం, భుజం మీద ఆపుకోవడం కుదరదు. ఇద్దరు కలిసి పట్టరాదు, పక్కనున్న పిల్లకు అందించరాదు. విసరడం మాత్రం ఒంటి చేత్తో, భుజానికి పైనుంచి జరగాలి. వీటిలో మా పిల్లలు ఎక్కువగా తగవులాడేది ఛాతీకి తగిలిందా లేదా అన్న దాని మీదనే. నిబ్బరంగా చేతులు చాచి పట్టడం అలవాటయితే ఆ తగవు తలెత్తదు. దూరం నుంచి వేగంగా వచ్చే బంతికి చేతులు ముందుకు చాచి, అది అందగానే కొద్దిగా వెనక్కి లాక్కుంటే, దెబ్బ తగలదు, బంతి జారదు, విసరడానికి చేయి అప్పటికే సగం దారిలో ఉంటుంది. ఈ ఒక్క కదలిక నేర్పడానికి నేను మిగిలిన అన్నింటికంటే ఎక్కువ సమయం వెచ్చిస్తాను.

సర్వీసు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విజిల్ ఊదిన ఐదు సెకన్లలోపు, వెనుక గీత తొక్కకుండా వేయాలి. సర్వీసు బంతి నెట్‌కు తగలకూడదు; ఆట నడుస్తున్నప్పుడు మాత్రం నెట్‌కు తగిలి అవతల పడ్డా చెల్లుతుంది. వాలీబాల్‌లో ఇప్పుడు సర్వీసు నెట్‌ను తాకి దాటినా చెల్లుతుంది కనుక, రెండు ఆటలూ ఆడే పిల్లలు ఇక్కడ తరచుగా తికమక పడతారు. 25 పాయింట్లకు ఒక సెట్టు, మూడింటిలో రెండు గెలిచిన వారిది ఆట.

కోర్టు కొలతల విషయంలో మన పాఠశాలలకు ఒక చిక్కు ఉంది. చాలా చోట్ల ఉన్నది వాలీబాల్ కోర్టే. అది 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. త్రోబాల్ కోర్టు 18.30 మీటర్ల పొడవు, 12.20 మీటర్ల వెడల్పు ఉండాలి. పొడవులో తేడా లెక్కలోనిది కాదు గాని, వెడల్పులో ఇరువైపులా మీటరున్నర పైగా తగ్గిపోతుంది. అంత ఇరుకులో జట్టుకు తొమ్మిది మందిని నిలబెడితే ఖాళీ అన్నదే మిగలదు, విసిరిన ప్రతి బంతీ ఎవరో ఒకరి చేతిలోకే వెళుతుంది. అందుకని వాలీబాల్ గీతలను అలాగే ఉంచి, పక్కల సున్నంతో మరో రెండు గీతలు వేయించడం మంచిది. మా ఎర్రమట్టి నేలలో ఆ సున్నం ఒక గట్టి వానకే కొట్టుకుపోతుంది, మళ్లీ వేసుకోవాలి. నెట్ ఎత్తు 2.2 మీటర్లు, మహిళల వాలీబాల్ నెట్ 2.24 మీటర్లు కనుక దానికి వేరే ఏర్పాటు అక్కరలేదు.

ఈ ఆట తొలి నియమాలతో హ్యారీ క్రో బక్ పేరు ముడిపడి ఉంది. మద్రాసులో 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినది ఆయనే. అంటే ఇది మన దేశంలో వ్యాయామ విద్యను శాస్త్రంగా బోధించే వారి చేతుల్లో పెరిగిన ఆట. మన దగ్గర మాత్రం మగపిల్లలకు కబడ్డీ, వాలీబాల్ ఇచ్చి, ఆడపిల్లలకు "మెత్తని ఆట" అంటూ దీనిని వదిలేశారు. మెత్తన అనుకోవడం వల్లనే నియమాలనూ మెత్తబరిచారు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి ఎందరో ఆడపిల్లలు బరువులెత్తడంలో పేరు తెచ్చుకున్నారు. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఇలాంటి చోట ఆడపిల్లలకు నియమాలు సడలించి ఆడించాలనే ఆలోచన ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఆరో తరగతి పిల్లలకు నేను నెట్ కొంత దించుతాను, బంతిలో గాలి కొద్దిగా తగ్గిస్తాను, గడువును మాత్రం పెంచను. వాళ్ల ఆటలో లెక్క నేను పెట్టను. కోర్టు బయట వంతు కోసం చూస్తున్న పిల్లలే "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడతారు. మొదట్లో తమ జట్టుకు నెమ్మదిగా, అవతలి జట్టుకు గబగబా లెక్కపెట్టడం మామూలే. అందుకని లెక్కపెట్టే పిల్లలను రెండు జట్లనుంచీ చెరి ఒకరుగా తీసుకుని పక్కపక్కనే నిలబెట్టి, ఇద్దరి గొంతూ కలిస్తేనే లెక్క చెల్లుతుందని చెబుతాను. వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే వేగంలో లెక్కపెడతారు.