రైలు దిగి రైలెక్కే లోపు ఢిల్లీ

నిన్న రాత్రే ఇల్లు చేరాం. బట్టలింకా నానబెట్టలేదు, కోపమూ చల్లారలేదు. చల్లారేలోపు రాసేస్తున్నాను.

మాఘ స్నానాలకి హరిద్వార్ వెళ్లి వస్తూ పొద్దున్నే ఢిల్లీలో దిగాం. మా రైలు రాత్రికి. పగలంతా ఖాళీ. నాతో అత్తయ్య, మామయ్య. సెలవు దొరకలేదని ఇంట్లోనే ఉండిపోయిన మా ఆయన మాత్రం ఏమేం చూడాలో ఫోన్లో లిస్టు పంపారు: ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, కుతుబ్ మినార్. ఆ రోజు సోమవారం. మొదటి మూడూ సోమవారం మూసేస్తారు. నాలుగోది తెరిచే ఉంటుంది కానీ ఊరికి దక్షిణాన ఎక్కడో ఉంటుంది. డెబ్బై దాటిన ఇద్దరిని వెంటబెట్టుకుని అంత దూరం పోయి రావడం నా వల్ల కాదని అప్పుడే చెప్పేశాను. వెళ్లే ముందు వారం చూసుకోవాలన్న ఇంగితం లిస్టులు రాసేవాళ్లకి ఉండదు.

ఏం చూడాలో అందరూ చెప్తారు. చేతిలో సామాను ఎక్కడ పడేయాలో ఒక్కరూ చెప్పరు. మా రోజులో సగం టెన్షన్ అక్కడే అయింది.

స్టేషన్ పేరు రాయను. ఢిల్లీలో పెద్ద స్టేషన్లు చాలానే ఉన్నాయి. (అన్నట్టు, మీరు దిగే స్టేషనూ ఎక్కే స్టేషనూ ఒకటేనో కాదో టికెట్ మీద చూసుకోండి. నిజాముద్దీన్‌లో దిగి పాత ఢిల్లీలో ఎక్కాల్సొస్తే అదో ప్రయాణం.) మా దగ్గర ఒక సూట్‌కేసు, ఒక పెద్ద జిప్పు బ్యాగు, అత్తయ్య గుడ్డసంచి, రెండు గంగ నీళ్ల క్యాన్లు. క్లోక్‌రూమ్ దగ్గర పెద్ద క్యూ. మా వంతు వచ్చేసరికి కౌంటర్ ఆయన టికెట్ చూశాడు, ఆధార్ చూశాడు, "స్కానింగ్ స్టిక్కర్ ఏది?" అన్నాడు. సామాను ముందు ఎక్స్‌రే మెషీన్లో పెట్టి స్టిక్కర్ వేయించుకు రావాలట. అది అక్కడెక్కడా రాసి లేదు. మెషీను ఆ చివరెక్కడో ఉంది. అన్నీ ఈడ్చుకుంటూ పోయి, వేయించుకుని వచ్చి, మళ్లీ క్యూ చివర నిలబడ్డాం. "ఇందాకే వచ్చాం కదండీ" అంటే వినేవాడెవడు?

రెండోసారి తాళాల గొడవ. సూట్‌కేసుకి నంబర్ తాళం ఉంది, సరే. జిప్పు బ్యాగుకి లేదు, తీసుకోను అన్నాడు. గుడ్డసంచికి అసలు జిప్పే లేదు, అదీ తీసుకోను అన్నాడు. తాళం లేని సామాను తీసుకోకూడదన్నది రైల్వే రూలేనట, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. గంగ క్యాన్ని వేలితో కొట్టి, దీనికి తాళం ఎక్కడ వేస్తావు, మూతికా అన్నాడు. వెనకున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు చూసి ఇంకాస్త ఊపొచ్చి, వెనకాయనతో "ఈ మదరాసీలు ఇల్లంతా మోసుకొస్తారు" అని హిందీలో అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నాడు. నాది చిన్నప్పుడు దూరదర్శన్ చూసి నేర్చుకున్న హిందీ, లింగాలన్నీ తప్పుతాయి కానీ తిట్టుకి తిట్టు అప్పజెప్పడానికి సరిపోతుంది. "మేం ఆంధ్రావాళ్లం, మీ గంగ నీళ్లే మోసుకుపోతున్నాం, రూలు చెప్పండి చాలు, వ్యాఖ్యానం వద్దు" అన్నాను. క్యూ అంతా నిశ్శబ్దం. ఇది గొప్ప కోసం రాయట్లేదు అంటే అబద్ధం, గొప్ప కోసమే రాస్తున్నాను.

కానీ నా బాధ అది కాదు. మామయ్య హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఊళ్లో ఆయన ఎదురొస్తే సైకిల్ దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన ఆ కౌంటర్ ముందు తలొంచుకుని, "పోనీలేమ్మా, మనమే పక్కకి జరుగుదాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

క్లోక్‌రూమ్‌కి సరిగ్గా ఎదురుగా ఒక కుర్రాడు తాళాలు, గొలుసులు పరుచుకుని కూర్చున్నాడు. కాకతాళీయమని మీరు నమ్మితే నమ్మండి. మా ఊళ్లో యాభైకి వచ్చే తాళం నూట యాభై అన్నాడు. కొన్నాను. తర్వాత గుడ్డసంచిలోవన్నీ ప్లాట్‌ఫారం మీద బయట పెట్టి, రుద్రాక్షలు, ప్రసాదం పొట్లాలు, తడి తువ్వాళ్లతో సహా జిప్పు బ్యాగులోకి కుక్కాం. జిప్పు పడలేదు. మామయ్య బ్యాగు మీద కూర్చుంటే పడింది. మూడోసారి తీసుకున్నాడు, నా ముఖం వైపు చూడకుండా. క్యాన్లు మాత్రం మా చేతుల్లోనే మిగిలాయి.

కాబట్టి నా సలహా: తాళాలు ఇంటి నుంచి తెచ్చుకోండి, జిప్పు లేని సంచి తేవద్దు, దిగగానే స్టిక్కర్ వేయించుకుని అప్పుడు క్యూలో నిలబడండి. మిగతాదంతా తేలికే.

మెట్రో సెక్యూరిటీ దగ్గర మళ్లీ క్యాన్లు ఆపారు. అక్కడి కుర్రాడు మూత తీసి ఒక గుక్క తాగి చూపించమన్నాడు. అత్తయ్య తను తాగి, "నువ్వూ పట్టు బాబూ" అని తెలుగులోనే అంటూ అతని చేతిలో పోసింది. అతను బూట్ల మీదే నిలబడి కళ్లకద్దుకుని తాగి, మిగిలిన తడి తల మీద రాసుకున్నాడు. లోపలికి పొమ్మన్నాడు.

పటేల్ చౌక్‌లో దిగి బంగ్లా సాహిబ్ గురుద్వారాకి వెళ్లాం. సోమవారమని మూసే గొడవ లేదు, టికెట్ లేదు, పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటుంది. ఒకప్పుడది రాజా జయసింగ్ బంగళా. 1664లో ఎనిమిదో గురువు హరికృష్ణ అక్కడ దిగారు. ఊరంతా రోగాలతో ఉంటే ఆ బావి నీళ్లు పంచారని చెప్తారు. అప్పటికి ఆయన ఎనిమిదేళ్లు కూడా నిండని పిల్లవాడు, ఆ ఏడాదే పోయారు. ఆ నీళ్లు ఇప్పటికీ తీర్థంగా ఇస్తారు. అది విన్న అత్తయ్య ఇంకో సీసా కొనమంది. వద్దన్నాను. చెప్పులు తీసుకునే చోట తలపాగా పెద్దాయన క్యాన్లు చూశారు, అత్తయ్య ముఖం చూశారు. ఏమీ అడగకుండానే చెప్పుల దగ్గర కాకుండా తన పక్కనున్న బల్ల మీద పెట్టించారు. జీతం లేదు, అది ఆయన సేవ. జీతం తీసుకుని కూర్చున్నవాళ్లలో కొందరికి ఆ పాటి చూపు ఎందుకుండదో నాకు తెలీదు.

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం. పప్పు, కందిపొడి, నెయ్యి. కిక్కిరిసిన జనంలో మనవాళ్ల కంటే ఢిల్లీవాళ్లే ఎక్కువ. అత్తయ్య ఇన్నాళ్లకి కడుపునిండా తిన్నది. ఇంతకంటే రాస్తే ఆకలేస్తుంది.

అక్కడి నుంచి ఆటోలో ఇండియా గేటు. అది ఫోటోల్లో చూసినట్టే ఉంది. దాని వెనకే 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది, నన్నడిగితే మీరు చూడాల్సింది అది. స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధాల్లో, ఆపరేషన్లలో పోయిన జవాన్ల పేర్లు పాతిక వేలకు పైగా గుండ్రటి గోడల నిండా ఉన్నాయి. మామయ్య మన ఇంటిపేర్లేమైనా కనిపిస్తాయేమోనని ఒక్కో రాయి దగ్గరా ఆగి చూస్తూ ఉండిపోయారు. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న మనిషి, అక్కడే నోరు విప్పారు. ఆయన శిష్యుల్లో ఆర్మీలో చేరినవాళ్లందరి గురించీ చెప్పారు. కదలమనడానికి మనసొప్పలేదు, జనపథ్ అనుకున్నది వదిలేశాను. షాపింగ్ పోయిందన్న బెంగ ఏమీ లేదు.

చీకటి పడకముందే స్టేషన్‌కి వచ్చేశాం. రైలుకి గంటన్నర ముందు సామాను తీసుకోవడానికి నిలబడండి, అప్పుడూ క్యూ ఉంటుంది. కౌంటర్లో వేరే మనిషి. రసీదు చూసి బ్యాగులు బయటికి తోశాడు, అంతే. ఆ తాళాల వంక కన్నెత్తి కూడా చూడలేదు.

రైలెక్కాక దుప్పట్లు తీద్దామని మామయ్య జిప్పు బ్యాగు దగ్గరికి లాక్కున్నారు. తాళంచెవి కోసం నేను పర్సులో వెతుకుతున్నాను. ఆయన తాళం పట్టుకుని ఊరికే ఇలా లాగారు, ఊడి చేతిలోకి వచ్చింది. నూట యాభై రూపాయలు.